ఆసుపత్రిలో దగ్గు పరీక్షలు: పేషెంట్లు, తోడు వచ్చినవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఓపీ గుమ్మం దగ్గర కూర్చుని "దగ్గు ఉందా? ఎన్నాళ్ల నుంచి?" అని అడిగే పని నాది. పేషెంటునీ అడుగుతాం, పక్కన సంచీ పట్టుకుని నిలబడ్డ మనిషినీ అడుగుతాం. రెండోవాళ్లని అడిగినప్పుడే ఆశ్చర్యం ఎక్కువ, ఒక్కోసారి కోపం కూడా. రోజూ అవే సందేహాలు వస్తున్నాయి కాబట్టి జవాబులు ఒకచోట రాసి పెట్టాను. ఇందులో ఎక్కువ భాగం టీబీ గురించే. ప్రపంచంలోని టీబీ కేసుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నాయి. ఆసుపత్రి వరండాలో గాలి ద్వారా అంటుకునే జబ్బుల్లో నన్ను ఎక్కువగా భయపెట్టేది కూడా అదే. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## ఇంటి దగ్గర బయల్దేరే ముందు

ఎన్ని రోజులు దగ్గితే పరీక్ష చేయించుకోవాలి?

రెండు వారాలు దాటితే తప్పకుండా. దగ్గుతో పాటు మూడు విషయాలు గమనించండి: సాయంత్రం పూట వచ్చే జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రి పూట పక్క తడిసేలా చెమటలు. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా చెప్పండి. కళ్లెలో రక్తం కనిపిస్తే మాత్రం రెండు వారాల లెక్క చూడొద్దు, ఆ రోజే రండి. హెచ్ఐవీ ఉన్నవాళ్లు, ఇంట్లో టీబీ పేషెంట్ ఉన్నవాళ్లు కూడా దగ్గు మొదలవగానే రావాలి.

బీడీ తాగేవాణ్ని. నాకు దగ్గు ఎప్పుడూ ఉండేదే కదా?

పొగ తాగేవాళ్లకి టీబీ వచ్చే ముప్పు మామూలుకన్నా ఎక్కువ. "ఎప్పుడూ ఉండేదే" అనుకోవడం వల్ల వీళ్లలోనే జబ్బు ఆలస్యంగా బయటపడుతుంది. పాత దగ్గులో మార్పు ఏమైనా వచ్చిందా చూసుకోండి: ఎక్కువైందా, కళ్లె రంగు మారిందా, ఆకలి తగ్గిందా, చొక్కా వదులైందా. మార్పు ఉంటే పరీక్ష చేయించుకోవాల్సిందే.

మూడు రోజుల నుంచి దగ్గు, జ్వరం, ఒళ్లు నొప్పులు. ఇది టీబీ అవుతుందా?

ఇంత హఠాత్తుగా వస్తే చాలావరకు ఫ్లూ లాంటి వైరస్ జబ్బే. అది సాధారణంగా వారంలోపే తగ్గుముఖం పడుతుంది. అయినా ఆసుపత్రికి వచ్చేటప్పుడు మాస్క్ పెట్టుకోండి. ఫ్లూ లక్షణాలు మొదలవడానికి ఒక రోజు ముందు నుంచే అంటుకోవచ్చు, ఆ తర్వాత ఐదారు రోజులు అంటుకుంటూనే ఉంటుంది. బాలింతల వార్డు, డయాలసిస్, క్యాన్సర్ వార్డు, ఐసీయూల్లో ఉన్నవాళ్లని చూడటానికి మాత్రం ఆ వారం రాకండి. మీకు జలుబుతో పోయేది వాళ్లకి ప్రాణం మీదికి రావచ్చు.

మెడికల్ షాపులో అడిగి మందులు వాడుతున్నాను. ఆ సంగతి చెప్పాలా?

తప్పకుండా చెప్పాలి. స్ట్రిప్ ఉంటే తీసుకురండి. దగ్గుకి ఊళ్లల్లో తరచూ ఇచ్చే లెవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ టీబీ క్రిమి మీద కూడా కొంత పనిచేస్తాయి. నాలుగు రోజులు వాడితే తగ్గినట్టు అనిపిస్తుంది, ఆపగానే మళ్లీ మొదలవుతుంది. ఈ లోపు కళ్లె పరీక్షలో క్రిమి దొరక్కుండా పోవచ్చు, జబ్బు మాత్రం లోపల ముదురుతూనే ఉంటుంది. ఆయాసానికి ఇచ్చే స్టెరాయిడ్లది ఇంకో ప్రమాదం: అవి ఒంట్లోని రక్షణ శక్తిని తగ్గిస్తాయి. మీరు ఏం వాడారో తెలిస్తే ఏ పరీక్ష ఎప్పుడు చేయాలో డాక్టరుగారు నిర్ణయించగలరు. ఎవరూ తిట్టరు, భయపడకండి.

## ఓపీ గుమ్మం దగ్గర

నేను కాలు నొప్పికి వచ్చాను. దగ్గు సంగతి మీకెందుకు?

మీరు ఏ విభాగానికి వెళ్లినా ఆ వరండాలో గంటో రెండు గంటలో కూర్చుంటారు. మీ పక్కన కీమోథెరపీ చేయించుకుంటున్న మనిషి ఉండవచ్చు, నెల బిడ్డ ఉండవచ్చు. టీబీ ఉన్న మనిషి దగ్గినప్పుడు బయటికి వచ్చే తుంపరల్లో బాగా చిన్నవి వెంటనే కింద పడవు. మూసిన గదిలో అగరుబత్తి వాసన ఎలా నిలిచిపోతుందో, అవి కూడా గంటల తరబడి గాలిలో అలాగే ఉండిపోతాయి. అందుకే ఎముకల ఓపీకి వచ్చినా, కళ్ల ఓపీకి వచ్చినా అందరినీ ఒకటే అడుగుతాం.

అందరి ముందూ మాస్క్ ఇచ్చి విడిగా కూర్చోబెట్టారు. నన్ను అంటరానివాడిలా చూడటం కాదా ఇది?

మీకు అలా అనిపించడంలో తప్పు లేదు. టీబీ పేరు చెప్పి మన ఊళ్లల్లో పెళ్లిళ్లు ఆపారు, కోడళ్లని పుట్టింటికి పంపేశారు. ఆ భయం ఊరికే రాలేదు. కానీ ఇక్కడ మాస్క్ ఇవ్వడమంటే మీకు జబ్బు ఉందని తేల్చినట్టు కాదు. దగ్గు ఉంది, కారణం ఇంకా తెలియదు, అంతే. విడిగా వేసే బల్ల కూడా కిటికీ పక్కనో, ఆరుబయట నీడలోనో ఉండాలి, మూల గదిలో కాదు. సిబ్బంది ఎవరైనా గట్టిగా "టీబీ పేషెంటు అక్కడ కూర్చో" అని అరిస్తే అది తప్పు. మీరు నర్సింగ్ సూపరింటెండెంటుకి చెప్పవచ్చు, చెప్పాలి కూడా.

మేం పొద్దున్నే వచ్చి లైన్లో ఉంటే, వెనక వచ్చిన దగ్గు మనిషిని ముందు పంపుతున్నారేం?

మీ కోసమే. ఆ మనిషి వరండాలో ఎంత తక్కువసేపు ఉంటే మీకు అంత మంచిది.

బరువెంత, షుగర్ ఉందా, మందు అలవాటుందా... ఇవన్నీ దేనికి?

క్రిమి ఒంట్లోకి చేరిన ప్రతి ఒక్కరికీ జబ్బు రాదు. నూరు మందికి చేరితే జీవితకాలంలో 5 నుంచి 10 మందికి మాత్రమే జబ్బుగా మారుతుంది. ఆ కొద్దిమందిలో ఎవరుంటారో అంచనా వేయడానికే ఈ ప్రశ్నలు. షుగర్ ఉంటే ముప్పు రెండు మూడు రెట్లు పెరుగుతుంది. బక్కచిక్కి ఉండటం, 60 దాటిన వయసు, పొగ, మద్యం, ఇంతకుముందు టీబీ వచ్చి తగ్గడం కూడా లెక్కలోకి వస్తాయి. ఇవి ఉన్నవాళ్లకి దగ్గు లేకపోయినా ఎక్స్‌రే రాస్తాం.

## తోడు వచ్చినవాళ్లకి

పేషెంట్ మా ఆయన. నన్నెందుకు పరీక్ష చేస్తామంటున్నారు?

ఆయన దగ్గిన గాలి ఇన్నాళ్లూ ఎక్కువగా పీల్చింది మీరే కాబట్టి. ఒకే గదిలో పడుకున్నారు, అన్నం పెట్టారు, రాత్రి లేచి వీపు నిమిరారు. టీబీ బస్సులో ఒక్కసారి పక్కన కూర్చున్నందుకు సాధారణంగా రాదు, రోజుల తరబడి దగ్గరగా ఉన్నవాళ్లకే ఎక్కువ వస్తుంది.

ఈ ప్రశ్నకి నేను ఎక్కువగా వినే మాట, "నాదేముందిలెండి, ఆయనకి తగ్గితే చాలు." ఆ మాట అంటూనే కొంగు అడ్డం పెట్టుకుని దగ్గుతారు. తమ పేరు మీద ఓపీ చీటీ ఉండదు కాబట్టి ఆ దగ్గు ఎవరి రికార్డులోకీ ఎక్కదు. పది రోజులు వార్డులో మంచం పక్కన నేల మీద పడుకుని, నలుగురు పేషెంట్లకి నీళ్లు అందించి, ఇంటికి వెళ్లిపోతారు. ఆర్నెల్ల తర్వాత వాళ్లే పేషెంటుగా తిరిగి వస్తారు, బాగా ముదిరాక. అందుకే తోడు వచ్చినవాళ్లకి కూడా ఓపీ చీటీ రాయించమంటాను. ఐదు నిమిషాల పని, దయచేసి కాదనకండి.

నాకు దగ్గుందని చెబితే వార్డులోంచి పంపేస్తారేమో. మా అమ్మని చూసుకోడానికి ఇంకెవరూ లేరు.

చాలామంది దగ్గు దాచేది ఈ భయంతోనే. దగ్గు ఉందని చెప్పినవాళ్లని గెంటేస్తే రేపటి నుంచి ఒక్కరూ నిజం చెప్పరు, ఆ సంగతి మాకు తెలుసు. చెప్పాక సాధారణంగా జరిగేది ఇది: మాస్క్ ఇస్తాం, అదే రోజు కళ్లె తీసుకుంటాం, ఎక్స్‌రేకి పంపుతాం. ఫలితం వచ్చేదాకా, అంటే ఒకటి రెండు రోజులు, వేరేవాళ్లు ఎవరైనా రాగలరా అని అడుగుతాం. నిజంగా ఎవరూ లేకపోతే వార్డు సిస్టర్‌కి చెప్పండి. అన్నం తినిపించడం, బాత్రూముకి తీసుకెళ్లడం లాంటివి ఆ కొద్ది రోజులు ఎలా చూడాలో మాట్లాడుకోవచ్చు. మీరు మాస్క్ పెట్టుకుని ఆరుబయట ఉంటూ అవసరానికి లోపలికి వచ్చేలా కూడా ఏర్పాటు చేయవచ్చు.

మీ అమ్మగారికి ఆపరేషనో, కీమోనో జరుగుతుంటే మీ దగ్గు సంగతి ముందే తెలియడం మీకన్నా ఆవిడకి ఎక్కువ అవసరం.

నాకు దగ్గు లేదు, జ్వరం లేదు. మరి ఎక్స్‌రే ఎందుకు?

2019-21లో మన దేశంలో చేసిన జాతీయ టీబీ సర్వేలో ఒక సంగతి తేలింది. లక్షణాలు అడిగి ఊరుకుని, ఎక్స్‌రే తీయకుండా ఉంటే, దొరికిన కేసుల్లో 42.6 శాతం తప్పిపోయి ఉండేవి. అంటే జబ్బు ఉన్న నూరు మందిలో 40 మందికి పైగా మేం అడిగే ప్రశ్నలన్నిటికీ "లేదు" అనే చెప్పేవాళ్లు, నిజాయితీగానే. ఇంట్లో టీబీ కేసు ఉన్నప్పుడు ఒక్క ఎక్స్‌రే తీయించుకోవడం వృథా కాదు.

నేను గర్భవతిని. ఎక్స్‌రే అంటే టెన్షన్‌గా ఉంది.

ముందుగా గర్భం సంగతి టెక్నీషియన్‌కి చెప్పండి. ఛాతీ ఎక్స్‌రేలో బిడ్డకి చేరే రేడియేషన్ చాలా చాలా తక్కువ, పొట్టకి సీసపు ఆప్రాన్ కూడా కడతారు. అవసరమా కాదా అన్నది డాక్టరుగారు చూసి చెబుతారు. కళ్లె వస్తుంటే ముందు ఆ పరీక్షతో మొదలుపెట్టవచ్చు. గర్భంలో టీబీ పట్టించుకోకుండా వదిలేయడం మాత్రం ఎక్స్‌రేకన్నా ఎన్నో రెట్లు ప్రమాదం.

తాతయ్యని చూస్తామని పిల్లలు ఏడుస్తున్నారు. వార్డుకి తీసుకురావచ్చా?

ఐదేళ్లలోపు పిల్లల్ని తీసుకురాకండి. ఆ వయసులో టీబీ మెదడుకి పాకే ప్రమాదం ఎక్కువ. వీడియో కాల్ చేయించండి, తాతయ్యకీ సంతోషంగా ఉంటుంది.

## కళ్లె పరీక్ష, ఎక్స్‌రే

కళ్లె ఎలా ఇవ్వాలి? ఉమ్మి ఇస్తే సరిపోదా?

ఉమ్మి పనికిరాదు. పరీక్షకి కావలసింది ఊపిరితిత్తుల లోపలి నుంచి దగ్గుతో పైకి వచ్చే చిక్కటి కళ్లె, అంటే తెమడ.

ముందు మంచినీళ్లతో నోరు పుక్కిలించండి. పేస్టు వద్దు, మౌత్‌వాష్ వద్దు. డబ్బా పట్టుకుని ఆరుబయటికి వెళ్లండి, చుట్టుపక్కల ఎవరూ లేకుండా చూసుకోండి. బాత్రూములో మాత్రం ఇవ్వకండి, ఆ మూసిన గదిలోకి మీ తర్వాత ఇంకొకరు వెళతారు. గుండెల నిండా గాలి పీల్చి కాసేపు ఆపి వదలండి. రెండు మూడుసార్లు అలా చేశాక, లోపలి నుంచి గట్టిగా దగ్గండి. వచ్చినదాన్ని డబ్బా అంచుకి అంటకుండా లోపల వేయండి. రెండు మిల్లీలీటర్లు కనీసం ఉండాలి, ఐదు దాకా ఉంటే మంచిది. మూత బిగించి, చేతులు సబ్బుతో కడుక్కుని ఇవ్వండి. డబ్బాలో నురగ, పల్చటి నీళ్లు తప్ప ఏమీ లేకపోతే ల్యాబు వాళ్లు తిప్పి పంపుతారు. చిరాకు పడకండి, తప్పుడు నెగటివ్ రావడంకన్నా అదే నయం.

ఇప్పుడు ఒకసారి ఇచ్చాను కదా, రేపు పొద్దున మళ్లీ ఎందుకు?

రాత్రంతా ఊపిరితిత్తుల్లో చేరిన కళ్లె తెల్లవారుజామున ఎక్కువగా, చిక్కగా వస్తుంది. అందులో క్రిమి దొరికే అవకాశం ఎక్కువ. నిద్ర లేవగానే, టీ తాగకముందే ఇవ్వండి.

సీబీనాట్, ట్రూనాట్ అంటున్నారు. పాత మైక్రోస్కోపు పరీక్ష చాలదా?

మైక్రోస్కోపులో క్రిమి కనబడాలంటే ఒక మిల్లీలీటరు కళ్లెలో 5,000 నుంచి 10,000 క్రిములుండాలి. కొత్త పరీక్షలు క్రిమి డీఎన్ఏని పట్టుకుంటాయి, కాబట్టి వందల్లో ఉన్నా దొరికిపోతుంది. అంతకన్నా ముఖ్యమైనది ఇంకోటి ఉంది. టీబీకి ప్రధానమైన రిఫాంపిసిన్ మందు మీ మీద పనిచేస్తుందా లేదా అన్నది కూడా వీటితోనే తెలుస్తుంది. యంత్రంలో పెట్టాక సీబీనాట్‌కి దాదాపు రెండు గంటలే పడుతుంది. కానీ ముందు వరుసలో ఎన్ని శాంపిళ్లు ఉన్నాయన్న దాన్ని బట్టి రిపోర్టు మరుసటి రోజు రావచ్చు. ట్రూనాట్ మన దేశంలోనే, గోవాలో తయారైంది. చిన్న యంత్రం, బ్యాటరీతో నడుస్తుంది, అందుకే చిన్న ఆసుపత్రుల్లో కూడా కనిపిస్తోంది.

మా బాబుకి నాలుగేళ్లు. కళ్లె ఉమ్మడం రాదు, ఎలా?

చిన్నపిల్లలు కళ్లె మింగేస్తారు. అందుకని పొద్దున్నే పరగడుపున, ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి కడుపులోంచి కొద్దిగా ద్రవం తీసి అదే పరీక్ష చేస్తారు. చూడటానికి తల్లికి కష్టంగా ఉంటుంది, కానీ తొందరగానే అయిపోతుంది.

ఖర్చెంత? ప్రైవేటు డాక్టరు దగ్గర చూపించుకుంటే ఇవి దొరకవా?

ప్రభుత్వ ఆసుపత్రుల్లో కళ్లె పరీక్షా, మందులూ ఉచితం. ప్రైవేటులో చూపించుకునేవాళ్లకి కూడా టీబీ కార్యక్రమం నుంచి ఉచిత మందులు, నెలనెలా డబ్బు అందుతాయి. టీబీ కేసుని ప్రభుత్వానికి తెలియజేయడం 2012 నుంచి ప్రైవేటు డాక్టర్లకీ తప్పనిసరి. మీ పేరు మీద నిక్షయ్ ఐడీ (టీబీ పేషెంట్ల ప్రభుత్వ రికార్డులో మీ నంబరు) వచ్చిందా అని మీ డాక్టరుగారిని అడగండి. అనుమానం ఉంటే 1800-11-6666కి ఫోన్ చేయవచ్చు, టోల్ ఫ్రీ.

## రిపోర్టు వచ్చేదాకా

రిపోర్టు రాకుండానే మా మావయ్యగారిని వేరే గదికి మార్చారు. టీబీ అని ఖాయం చేసినట్టేనా?

కాదు. అనుమానం ఉన్నప్పుడే మార్చాలి. ఖాయమయ్యాక మారిస్తే ఆ రెండు రోజుల్లో వార్డంతా ఆ గాలే పీలుస్తుంది. నెగటివ్ వస్తే తిరిగి పాత మంచానికి తెస్తారు.

పేషెంటుకి ఏ మాస్క్? నాకు ఏ మాస్క్?

దగ్గే మనిషికి మామూలు మూడు పొరల సర్జికల్ మాస్క్ చాలు, తుంపరలు బయటికి రాకుండా ఆపడమే దాని పని. ఆయాసపడే పేషెంటుకి ఎన్95 పెట్టకండి, ఊపిరి ఆడదు. పక్కన ఉండే మీకైతే ఎన్95 మేలు, అది కూడా ముక్కు దగ్గర, బుగ్గల దగ్గర సందు లేకుండా బిగిస్తేనే. మాస్క్ దొరకని సమయంలో పేషెంటు నోటికి కండువా అడ్డం పెట్టుకున్నా ఏమీ లేనిదానికన్నా ఎంతో నయం.

చలిగా ఉందని కిటికీలు మూస్తే సిస్టర్ వచ్చి తెరుస్తోంది. ఎందుకంత పట్టుదల?

ఆ సిస్టర్ చేస్తున్నది మీ మందులంత విలువైన పని. ఇలాంటి గదుల్లో గంటకి కనీసం 12 సార్లు గాలి మారాలని లెక్క. మామూలు వార్డుల్లో అది సాధించడానికి మన దగ్గర ఉన్నవి ఎదురెదురు కిటికీలే. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తేదు, ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతుంది. పేషెంటుని గాలి బయటికి పోయే కిటికీ వైపు ఉంచి, మీరు గాలి లోపలికి వచ్చే వైపు ఉండండి. పేషెంటుకి చలేస్తే ఇంకో దుప్పటి కప్పండి, కిటికీ మాత్రం మూయకండి.

కంచం, గ్లాసు, బట్టలు వేరు పెట్టాలా?

అక్కర్లేదు. టీబీ గిన్నెల వల్ల, బట్టల వల్ల, తాకడం వల్ల అంటుకోదు. మామూలుగా కడిగితే చాలు. కంచం వేరు పెట్టి, కిటికీలు మూసుకున్న ఇళ్లు చాలా చూశాను. జాగ్రత్త పడాల్సింది గాలి విషయంలో. పక్కన కూర్చుని అన్నం తినండి, ఆ మనిషికి అదే సగం బలం.

## టీబీ అని తేలాక

మందులు మొదలయ్యాయి. ఇంకెన్నాళ్లు అంటుకుంటుంది? ఇంట్లో ఉంచుకోవచ్చా?

మందు పనిచేసే టీబీ అయితే, సరిగ్గా వేసుకుంటే, రెండు వారాల్లో అంటుకునే గుణం బాగా తగ్గిపోతుంది. మందులకి లొంగని రకమైతే ఇంకా జాగ్రత్తగా ఉండాలి, ఎంతకాలమన్నది డాక్టరుగారు పరీక్షలు చూసి చెబుతారు.

ఇంట్లో ఉంచుకోవచ్చు. ఒకప్పుడు మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం లాంటి శానిటోరియంలలో, అంటే టీబీ పేషెంట్ల కోసం విడిగా ఉన్న ఆసుపత్రుల్లో, నెలల తరబడి ఉంచేవారు. 1950ల్లో మద్రాసులో ఒక అధ్యయనం జరిగింది: కొందరికి శానిటోరియంలో, కొందరికి వాళ్ల ఇరుకు ఇళ్లల్లోనే ఒకే మందులు ఇచ్చి చూశారు. ఇంట్లో ఉన్నవాళ్లకీ దాదాపు అలాగే నయమైంది, వాళ్ల కుటుంబాలకి జబ్బు అదనంగా అంటలేదు. ప్రపంచమంతా టీబీకి ఇంటి దగ్గర వైద్యం చేయడానికి ఆ అధ్యయనం దారి చూపింది. ముప్పు ఎక్కువగా ఉండేది మందులు మొదలు కాకముందు, ఎవరూ పరీక్షించని ఆ వారాల్లోనే.

హెచ్ఐవీ పరీక్ష కూడా చేశారు. మా మీద అనుమానమా?

టీబీ వచ్చిన ప్రతి ఒక్కరికీ హెచ్ఐవీ, షుగర్ పరీక్షలు చేయాలన్నది నియమం. ఏది ఉన్నా వైద్యం మారుతుంది. ఫలితం మీకు తప్ప ఎవరికీ చెప్పరు.

ఇంటికి ఆశా కార్యకర్త వస్తుందంటున్నారు. వీధిలో అందరికీ తెలిసిపోదా?

మీకు ఇబ్బందైతే ముందే చెప్పండి. ఫోన్లో మాట్లాడటం, మీరే ఆరోగ్య కేంద్రానికి వెళ్లడం లాంటి వీలుంటుంది. వివరాలు గోప్యంగా ఉంచాల్సిన బాధ్యత ఆవిడకీ మాకూ ఉంది.

మాకు జబ్బు లేదన్నారు, అయినా మందు వేసుకోమంటున్నారు. ఎందుకు?

క్రిమి మీ ఒంట్లో నిద్రపోతూ ఉండవచ్చు. అది జబ్బుగా మారకుండా ఆపే మందు ఇది. రోజూ ఐసోనియాజిడ్ ఆరు నెలలు ఇస్తారు, లేదా వారానికి ఒకసారి చొప్పున 12 వారాలు వేసుకునే రకం ఇస్తారు. మొదలుపెట్టే ముందు టీబీ జబ్బు లేదని తప్పకుండా తేల్చుకోవాలి. జబ్బు ఉండి ఈ ఒకటి రెండు మందులే వేసుకుంటే క్రిమి మొండికేస్తుంది. లివరు జబ్బు ఉన్నా, రోజూ మద్యం తాగే అలవాటున్నా ముందే చెప్పండి. కళ్లు పచ్చబడినా, వాంతులైనా ఆపి వెంటనే రండి.

నెలకి డబ్బు ఇస్తారట కదా. దేనికి వాడాలి?

తిండికి. 2018లో నెలకి 500 రూపాయలతో మొదలైంది, 2024 నవంబరు నుంచి 1,000. చికిత్స ఉన్నన్నాళ్లూ పేషెంటు బ్యాంకు ఖాతాలో పడుతుంది. గుడ్లు, పప్పు, పాలు, వేరుశనగలు కొనండి. వీలైతే ఇంట్లో అందరూ తినండి. జార్ఖండ్‌లో చేసిన ఒక పెద్ద అధ్యయనంలో పేషెంట్ల ఇళ్లల్లో అందరికీ రేషన్ ఇచ్చి చూశారు. ఆ ఇళ్లల్లో కొత్తగా టీబీ రావడం దాదాపు 40 శాతం తగ్గింది. 2023లో ఫలితాలు వచ్చాయి.

తోడున్న నాకు అన్ని పరీక్షలూ నెగటివ్. ఇక అయిపోయినట్టేనా?

ఈ రోజుకి అయిపోయింది. క్రిమి అంటుకున్నాక జబ్బుగా మారే ప్రమాదం మొదటి రెండేళ్లలోనే ఎక్కువ. కాబట్టి ఆ రెండేళ్లూ ఆర్నెల్లకోసారి వచ్చి చూపించుకోండి, మధ్యలో దగ్గు మొదలైతే అప్పుడే రండి. వచ్చినప్పుడు "మా ఇంట్లో ఫలానా నెలలో టీబీ కేసు ఉంది" అని గుమ్మం దగ్గరే చెప్పండి. పేషెంటు నిక్షయ్ ఐడీ రాసుకున్న కాగితం తెస్తే ఇంకా మంచిది, పాత రికార్డు వెతకక్కర్లేకుండా ఆ రోజే ఎక్స్‌రేకి పంపుతాం.